కైమా పొగలో కన్నీటి ప్రార్థన

ఆ రోజుల్లో నాకు ఫలానా పని రాదని ఒప్పుకోవడం ఒక్కటే నాకు రాని పని. డెబ్బైల చివర్లో నంద్యాల నుంచి వచ్చి ఆళ్లగడ్డలో చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. అన్నం వారిస్తే సగం గంజితో పాటే పోయేది. అయినా ఇంటికి రాసే ఉత్తరాల్లో వారానికో కొత్త కూర వండేదాన్ని (కాగితం మీద ఉప్పు ఎక్కువయ్యే భయం లేదు కదా). అమ్మ నమ్మింది. నాయన నమ్మలేదు. నేను సరిగ్గా తినడం లేదని తేలితే ఉద్యోగం మాన్పించి తీసుకుపోతానని కబురు చేశాడు. అంతటితో ఆగక, ఒక శనివారం మా నంద్యాల పాస్టరు అయ్యగారు ఆళ్లగడ్డ వస్తుంటే, మధ్యాహ్నం నా చేతి భోజనం తిని సంగతేమిటో చెప్పమన్నాడు.

ఉత్తరాల్లో నేను మరీ గొప్పగా రాసుకున్నది పెద్దకూర కైమా గురించి. ఎద్దు మాంసాన్ని కసాయి భాయి చేత సన్నగా కొట్టించి, అల్లం వెల్లుల్లితో వేయించి, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలు దంచి కలపాలి. అమ్మ వండుతుంటే ఎన్నోసార్లు చూశాను (అంటే, కంచం ముందు కూర్చుని చూశాను). మిరపకాయలకు గాటు పెట్టి కాల్చాలని, నలుగురికి ఐదారు చాలని అక్కడినుంచి కనబడదు. నేను రెండు గుప్పెళ్ల కాయలకు నూనె పూసి బొగ్గుల కుంపటి మీద పోశాను.

సరిగ్గా అప్పుడే ముందుగదిలో అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. మా ఇల్లుగలామె (అవ్వా అని పిలిచేదాన్ని), ఆమె వెంట వచ్చిన ఇద్దరు ముసలమ్మలు కళ్లు మూసుకుని కూర్చున్నారు. వంటింట్లో కాయలు టపటపా పేలాయి. ఘాటు ముందుగదిలోకి పోయింది. అయ్యగారి గొంతు "దయగల తండ్రీ" దగ్గర వణికింది, "ఈ బిడ్డను" దగ్గర బొంగురుపోయింది, ఆ తర్వాత మాటే రాలేదు. బుగ్గల మీద నీళ్లు ధార కట్టాయి. అవ్వ ఒక కన్ను తెరిచి చూసి, ఆయన నాకోసం అంతగా కుమిలిపోతున్నారనుకుని భోరుమంది. మిగతా ఇద్దరూ అందుకున్నారు. వీధిలో పోయేవాళ్లు ఎవరికేమైందోనని లోపలికొచ్చి, దగ్గుతూ తుమ్ముతూ వాళ్లూ ఏడ్చారు. నేను తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నవ్వీ నవ్వీ, కారం చేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఆపైన అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే.

ఎట్లాగో ఆమెన్ అయింది. ఆ కాయలన్నీ దంచి కైమాలో కలిపి విస్తళ్లు వేశాను. అవ్వ ముక్కు చీదుకుంటూ, "ఇంత మనసు పెట్టి చేసిన ప్రార్థన నా బతుకులో యాడా సూడలేదు అయ్యగారూ" అంది. ఆయన నిజం చెప్పారా, నేను సాయంత్రం బస్సుకే నంద్యాల పోవాలి. అయ్యగారు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. చెంబెడు నీళ్లు తాగారు. ఇంకో ముద్ద, ఇంకో చెంబు. ఆశ్చర్యమేమంటే, కైమా మళ్లీ అడిగి వేయించుకున్నారు. చెయ్యి కడుక్కునేటప్పుడు మెల్లగా అన్నారు: "పాపా, పిల్ల బాగా వండుకుంటాండాదని మీ నాయనతో చెప్తాలే. ఈసారి మాత్రం కాయలు ప్రార్థన అయినాక కాల్చు."

నాయన మళ్లీ ఉద్యోగం ఊసెత్తలేదు. ఇబ్బందంతా అయ్యగారికే వచ్చింది. మా వీధి ముసలమ్మలు పట్టుబట్టి ఆయన్ని మళ్లీ పిలిపించుకున్నారు. పాపం, చక్కగా, స్పష్టంగా ప్రార్థన చేసి వెళ్తే, "ఈ తూరి అయ్యగారు మనసు పెట్టలేదు" అని తేల్చేశారు.

ఇప్పుడు కైమా కుదురుగానే వండుతాను. తిన్నవాళ్లు బాగుందని చెప్పి లేచిపోతారు. ఒక్క కూరతో వీధి వీధంతా ఏడిపించిన ఆ పిల్లను తలుచుకుంటే మాత్రం, ఈ వయసులోనూ నాకు కాస్త అసూయగానే ఉంటుంది.