నాలుగు లక్షల వేలిముద్రలు

మా కుట్టు కంపెనీలో ఆవిడని అందరూ కాలర్ల అత్త అంటారు. ఇరవై రెండేళ్లుగా చొక్కాలకి కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టలేదు. నాకు సొంత అత్త కాదు. తొమ్మిదో తరగతి మధ్యలో ఆపేసి దారాలు కత్తిరించే పనికి వచ్చిన రోజు, గోడకి అతుక్కుపోయిన నన్ను లాక్కెళ్లి తన పక్క స్టూలు మీద కూర్చోబెట్టింది. "నోరు లేకపోతే పోయింది, చేతులున్నాయిగా!" అంది.

పోయిన నెల మా అంతస్తులో వైరు కాలి పొగ కమ్మేసింది. వెనక తలుపుకి తాళం. అత్త ఇస్త్రీపెట్టె ఎత్తి నాలుగు దెబ్బలు వేసింది. తాళం ఊడింది, అరవై మందిమి బయటపడ్డాం. సాయంత్రానికల్లా కంపెనీ సొత్తు పాడుచేసిందని ఆవిడని పనిలోంచి తీసేశారు.

గేటు దగ్గర అత్త తిట్టిన తిట్లని ఒకతను వీడియో తీసి పెట్టాడు. వారంలో నాలుగు లక్షల మంది ఎర్ర గుండె నొక్కారు. నేనూ నొక్కాను. రోజూ సాయంత్రం అత్త మా ఇంటికొచ్చేది.

"ఇవాళెంతే?"

నేను చదివి చెప్పేదాన్ని. ఆవిడ మొహం వెలిగిపోయేది.

పని తిరిగి ఇప్పించమని అత్త పెట్టిన అర్జీ విచారణ రోజు నన్నూ తోడు తీసుకెళ్లింది. కార్మిక ఆఫీసు కిటికీలో గుమాస్తా కాగితం తిప్పి చూపించాడు. "తలుపుకి తాళమే లేదని, ఊరికే తలుపు పగలగొట్టారని కంపెనీ రాసిచ్చింది. ఉందని చూసినవాళ్లు ఇద్దరు సంతకం పెట్టాలి. ఐదింటిలోగా రాకపోతే ఫైలు మూసేస్తాం. ఉద్యోగం ఇక మర్చిపోవడమే."

అత్త నవ్వి, ఫోను కిటికీలోంచి లోపలికి తోసింది. "ఇద్దరేంటి బాబూ, నాలుగు లక్షల మంది పెట్టారు."

"ఇవి సంతకాలు కావమ్మా."

"చదువు రాదని ఆట పట్టించకు. నేను సంతకమంటే బొటనవేలే ఆనిస్తాను. వీళ్లూ వేలేగా ఆనించారు!"

ఇన్నాళ్లూ ఆవిడ నన్ను అడిగింది ఈ లెక్కా!

వీడియో తీసినతనికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, తాళానికి సాక్షులు దొరుకుతారా అని అడిగాను. "ఏ తాళం?" అన్నాడు. "ఓ, అదా! అది అయిపోయింది అక్కా. ఇప్పుడంతా పాత సినిమా హాలు కూల్చొద్దని నడుస్తోంది. ఆవిడ గొంతు బాగుంటుంది, దానిమీద ఓ రెండు ముక్కలు మాట్లాడిస్తారా?"

అత్త కిటికీలోంచి తన ఫోను వెనక్కి తీసుకుని కొంగులో చుట్టేసింది.

తాళానికి రెండడుగుల దూరంలో నిలబడ్డదాన్ని నేనే. కాగితం లాక్కుని సంతకం పెట్టాను. రేపు నా స్టూలు ఉండదని తెలుసు. అక్షరాలు వంకరపోయాయి.

"ఒకటి," అన్నాడు గుమాస్తా.

గుండె నొక్కినవాళ్లలో మా అంతస్తు వాళ్లని వెతికి వరసగా ఫోన్లు చేశాను. ఒకరు పలకలేదు. ఇంకొకరు పిల్లల ఫీజులన్నారు. అత్త దగ్గర పని నేర్చుకున్న బొత్తాల పిల్ల ఏడ్చేసింది. "అత్తంటే నాకు ప్రాణం. సంతకం మాత్రం అడగొద్దు. ఇంకో వీడియో పెట్టండి, అందరికీ పంపిస్తాను."

ఐదు కాగానే గుమాస్తా కిటికీ రెక్క దించబోయాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకొక్కరు చాలు బాబూ. ఒక్కరే."

ఆయన గడియారం వైపు చూశాడు. "చెయ్యి తియ్యమ్మా, నలుగుతుంది," అన్నాడు.