జిలియో మాస్టారి ఒంటితీగ పెట్టె

మా పాదువా ఊళ్లో జిలియో మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ చప్పుడు విన్నా అది శ్రుతిలో ఉందో లేదో తేల్చేదాకా ఆయనకి ముద్ద దిగేది కాదు. విశ్వవిద్యాలయంలో లెక్కలూ సంగీతశాస్త్రమూ చెప్పే మహాపండితుడు. చంకలో ఎప్పుడూ ఒంటితీగ పెట్టె. పొడవాటి చెక్కపెట్టె, దానిమీద ఒకే తీగ, చివర ఆ తీగని బిగించే మర, కింద అటూ ఇటూ జరిపే చిన్న చెక్కముక్క. ముక్క జరిగినచోటల్లా ఒక స్వరం, అంతా లెక్కే! నా రొట్టెల కొట్టు పైగదిలో అద్దెకుండేవారు కాబట్టి ఆ లెక్కలన్నీ నా నెత్తినే పడేవి.

నా బట్టీ తలుపు కిర్రుమనేది. ఓరోజు నూనె గిన్నె తెస్తుంటే, మాస్టారు మెట్లమీంచి పరుగెత్తుకొచ్చి అడ్డం పడ్డారు.

"ఆగు ఫియోరెమ్మా! చెయ్యి తియ్యి! మన చర్చిలో పాట ఎత్తుకునే స్వరం సరిగ్గా ఆ కిర్రే!"

"అయితే?"

"అయితే అంటావేమిటి! ఊరు మొత్తంమీద శ్రుతిలో ఉన్న తలుపు అదొక్కటే!"

గిన్నె లాక్కుపోయారు. మళ్లీ ఇస్తే ఒట్టు.

మా మేనకోడలి పెళ్లిలో ఇంకా ఘోరం. మాస్టారు వియ్యంకుడి ద్రాక్షసారా గ్లాసు తన గ్లాసుకు తగిలించి, చెవి రిక్కించి, "శ్రుతి కలవలేదు. తమరో గుక్క తాగండి" అన్నారు. ఆయన తాగాడు. "అయ్యో, ఎక్కువ తాగేశారు. ఇప్పుడు నేను తాగాలి." అలా ఒకరి తర్వాత ఒకరు సరిచేసుకుంటూ పోయారు. పీపా అడుగంటేసరికి వియ్యంకుడు బల్లకింద ఉన్నాడు. "చూశారా, ఖాళీ గ్లాసులు రెండూ ఒకే శ్రుతి!" అంటూ మాస్టారు పొంగిపోయారు.

అలాంటి మనిషి చేతిలో మెంగో తాత బతుకు పడింది. తాత జుట్టు నల్లగా ఉన్న రోజుల్నుంచీ చర్చిలో పాడుతున్నాడు. కొత్తగా వచ్చిన పాటల పెద్ద ఉబాల్దో, "ముసలాయన గొంతు దిగిపోయింది. పండగ వెళ్లగానే మానుకోమనండి" అనేశాడు. మేమంతా గోల చేస్తే, "సరే, జిలియో మాస్టారి తీగ ఏం చెబితే అదే" అన్నాడు.

ఇంకేముంది, తాత పని అయిపోయిందనుకున్నాం. కన్నతల్లి జోలపాటలోనే తప్పులు పట్టిన మనిషాయె!

తాత నా కొట్లో కూర్చుని చిక్కుడుగింజల చారులో రొట్టె ముంచాడే గాని, నోట పెట్టలేదు. "పాట లేకపోతే నేనేం చేసుకోనమ్మా? పెళ్లామా, పిల్లలా? పొద్దున్నే లేచేదే దానికోసం" అన్నాడు. పైకెళ్లి మాస్టారిని బతిమాలాను.

"మాస్టారూ, మీకు పుణ్యముంటుంది. ఒక్క అబద్ధం..."

"తీగతో అబద్ధమా! నోరు కడుక్కో ముందు!"

విసురుగా కిందికి దిగి తాత ఎదురుగా కూర్చున్నారు. తాత దిగులుగా ఏదో కూనిరాగం తీస్తున్నాడు. మాస్టారు చారు ముట్టలేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని బల్లకింద ఏదో తిప్పుతున్నారు. కోపంతో చేతులు ఊరుకోవడం లేదు కాబోలనుకున్నాను.

మర్నాడు చర్చిలో పరీక్ష. ముందు తాత పాడాడు. మాస్టారు ముక్క జరుపుతూ తీగ మీటారు. ఒక్కో స్వరమూ అచ్చుగుద్దినట్టు కలిసింది! తర్వాత ఉబాల్దో గొంతెత్తాడు. మాస్టారు చెవులు మూసుకున్నారు.

"అయ్యా, తమరు మరీ పైకి పోతున్నారు."

"నేనా?"

"మరి తీగ అబద్ధమాడదుగా?"

"ఆడదు!" అన్నాం అందరం ఒక్క గొంతుతో. ఉబాల్దో మొహం కందగడ్డ అయింది. ఆ రోజునుంచి చర్చిలో అందరూ మెంగో తాత ఎత్తుకున్నచోటే ఎత్తుకుంటున్నారు.

పరీక్ష రోజు సాయంత్రమే మాస్టారిని నిలదీశాను.

"నిజం చెప్పండి. ఏం చేశారు?"

"స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత దూరమో తీగ చెబుతుంది. అందులో మెంగో వెంట్రుకవాసి తప్పడు. మొదలెక్కడో మాత్రం తీగకి తెలియదమ్మా. అది మర తిప్పేవాడి ఇష్టం."

"అంటే నిన్న బల్లకింద..."

"తాత కూనిరాగానికి సరిపోయేలా తీగ కాస్త వదులు చేశాను. ముసలాణ్ణి ఎక్కమనేకంటే మనం దిగడం తేలిక కదా!"

చెప్పేసి గబగబా పైకెళ్లి, నా పాత నూనె గిన్నె తెచ్చి చేతిలో పెట్టారు.

"ఇక ఆ బట్టీ తలుపుకి నూనె రాసుకో ఫియోరెమ్మా. పాపం, ఊళ్లో అదొక్కటే శ్రుతి తప్పింది."