గురజాల గర్ల్స్ హాస్టల్లో అమెరికా రాజ్యాంగం

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మనిషికి రెండు జబ్బులుంటాయి. తనకు తెలిసిందంతా చెప్పెయ్యాలనుకోవడం ఒకటి, విన్నవాళ్లు దాన్ని నిజంగా నమ్మాలనుకోవడం రెండోది. నాకు రెండూ బాగా ముదిరి ఉన్నప్పుడే గురజాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌గా చేరాను. ఆ కాలేజీ యజమానిని అందరూ కరస్పాండెంట్ గారనే అనేవాళ్లు. ముందు మిర్చి వ్యాపారం చేసి, తర్వాత చదువుల్లోకి దిగిన పెద్దమనిషి. ఇంటర్వ్యూలో చరిత్ర గురించి ఒక్క ముక్క అడగలేదు. "ఎట్టాగూ నీకు రూము కావాల గదమ్మాయ్, మన గర్ల్స్ హాస్టల్లోనే ఉండు. ఆ పిల్లల్ని గూడా కాస్త చూసుకుంటుండు" అన్నాడు. అట్లా నేను పగలు లెక్చరర్ని, పొద్దుగూకితే వార్డెన్ని అయ్యాను. (జీతం మాత్రం పగటిదే.)

సిలబస్‌లో అమెరికా విప్లవం వచ్చింది. నాకు పూనకం వచ్చింది. సముద్రం అవతల కూర్చున్న రాజు ఇక్కడివాళ్ల మాట వినకుండా పన్నులెట్లా వేస్తాడని నిలదీశాను. ఓడలో వచ్చిన తేయాకు పెట్టెలు సముద్రంలోకి విసిరిన కథ చేతులూపుతూ చెప్పాను. "ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు" అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తే, వెనక బెంచీలో ఒకమ్మాయి దవడ పట్టుకుని "మేడమ్, పీకేముందు మనల్ని అడగాలనా?" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, అంత సీరియస్ మనిషిని. ఆ తర్వాత రాజ్యాంగంలోకి వెళ్లాను. చట్టం చేసేవాళ్లు వేరు, అమలు చేసేవాళ్లు వేరు, తీర్పు చెప్పేవాళ్లు వేరు అని చెప్పి, "ఈ మూడూ ఒక్కరి చేతిలో ఉంటే, ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే, నమ్మకూడదు" అని బల్ల గుద్దాను. ముందు బెంచీలో పిడుగురాళ్ల నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవర్ గారమ్మాయి ఆ మాటను జాగ్రత్తగా రాసుకుంది. దేనికైనా వాదనకు దిగుతుందని ఆ పిల్లని అందరూ లాయరమ్మ అనేవాళ్లు. రాసుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

హాస్టల్లో ఏడు దాటితే ఫోన్లన్నీ నా గది బీరువాలో ఉండాలి. ఈ రూలు నేను పెట్టిందే. ఆ రాత్రే ఫస్టియర్ పిల్ల ఒకతి బాత్రూములో నీళ్లు వదిలేసి, ఆ చప్పుడు చాటున వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతూ దొరికింది. ఫోన్ లాక్కున్నాను. "ఆదివారం ఎత్తిపోతల జలపాతం ట్రిప్పుకి నువ్వు రావద్దు" అన్నాను. పిల్ల ఏడ్చుకుంటూ పోయింది. కాసేపటికి లాయరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, రూలు పెట్టింది ఎవురు?"

"నేనే."

"పట్టుకుంది?"

"నేనే."

"శిక్ష వేసింది గూడా మీరే గదా. ఎంత మంచివాళ్లైనా నమ్మకూడదని పొద్దున ఎవురో చెప్పారు."

నాకు కోపం రావాలి. రాలేదు సరికదా, నా పాఠం అర్థమైందన్న సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి. (అంత పిచ్చిదాన్ని.) "సరే, మీ రాజ్యాంగం మీరే రాసుకోండి" అన్నాను.

మర్నాడు సాయంత్రం భోజనాల హాల్లో అందరూ కూర్చున్నారు. మొదటి తగువు గదుల గురించి. కింద పెద్ద హాళ్లలో పదేసి మంది, పైన చిన్న గదుల్లో ముగ్గురేసి. తలకొక ఓటని కిందివాళ్లు, గదికొక ఓటని పైవాళ్లు. అరుపులకి వంటపిన్ని గరిటె పట్టుకుని బయటికొచ్చింది. పెద్ద రాష్ట్రాలు, చిన్న రాష్ట్రాలు అక్కడా ఇట్లాగే కొట్టుకున్నాయని, చివరికి రెండు సభలు పెట్టి సర్దుకున్నాయని నేను సంబరంగా చెప్పాను. వీళ్లూ రెండు సభలు పెట్టారు. అప్పుడు సీనియర్లు, ఫస్టియర్ వాళ్లకి అరవోటు చాలన్నారు. అక్కడా అట్లాంటి పని జరిగిందని చెప్పాల్సి వచ్చింది. సీట్లు పంచుకునేటప్పుడు ఐదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కేశారని, ఓటు మాత్రం అందులో ఒక్కరికీ ఇవ్వలేదని చెప్పాను. ఫోన్‌తో దొరికిన పిల్ల గోడ పక్కనుంచి మెల్లగా అడిగింది.

"అంటే మనిషిని ముప్పావు మనిషిగా గూడా చూళ్లేదా మేడమ్?"

అరవోటు అన్న సీనియరే లేచి, "ఒద్దులే, ఒకటే ఓటు" అని కూర్చుంది.

చట్టాలు సభలవి, అమలు నాది, తీర్పు ముగ్గురమ్మాయిల కోర్టుది. ఆ కోర్టు ముందుకొచ్చిన మొదటి నేరస్థురాలిని నేనే. అప్పట్లో నాకు మాచర్ల సంబంధం ఒకటి ఖాయమయ్యేలా ఉంది. పురుగుమందుల షాపు ఉన్న అబ్బాయి. షాపు కట్టేశాక ఫోన్ చేసేవాడు, నేను డాబా మీదికి పోయి మాట్లాడేదాన్ని. చట్టంలో 'విద్యార్థినులు' అని కాక 'హాస్టల్లో ఉండేవాళ్లందరూ' అని రాయించింది లాయరమ్మ. నేను చదవకుండానే సంతకం పెట్టాను, ఆ రాత్రే డాబా మీద ఫోన్‌తో దొరికాను. వారం పాటు నా ఫోన్ కూడా సాయంత్రమైతే బీరువాలోకి పోవాలని, తాళం కోర్టు దగ్గర ఉండాలని తీర్పొచ్చింది. ఆ అబ్బాయికి విషయం చెప్పడానికి సిగ్గేసింది. పిల్లల కోర్టు నన్ను శిక్షించిందని కాబోయే మొగుడికి ఏ ఆడపిల్ల చెబుతుంది? పగలు పాఠాల్లో పడి, ఆయన మిస్డ్ కాల్స్ చూసి కూడా ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున పిల్లలు ట్రిప్పుకి తయారవుతుంటే మాచర్ల అబ్బాయి బండేసుకుని గేటు ముందుకొచ్చాడు. "ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పొచ్చుగా. ఇట్టా ఫోనెత్తకుండా చంపడమేంది?" అంటున్నాడు. నేను నోరు తెరిచేలోగా వెనక కారాగింది. కరస్పాండెంట్ గారు దిగాడు. గేటు దగ్గర మొగపిల్లాడు, ఎదురుగా వార్డెన్. పైగా ఎవరో అప్పటికే ఆయన చెవిలో హాస్టల్లో యూనియన్ పెట్టారని ఊదారు.

"ఏందమ్మా ఇది? రేపట్నుంచి నువ్వు రావాకు" అన్నాడు. మా నాన్నకి ఏం చెప్పాలో, ఏ కారణం చెప్పాలో తోచలేదు.

లాయరమ్మ ముందుకొచ్చింది. "అట్టా కుదరదు సార్. మేడమ్ చేసిన తప్పేందో చెప్పాల. మేడమ్ చెప్పేది మీరు వినాల. ఆ తర్వాతే ఏదైనా."

"ఈ కాలేజీ ఎవురిదే?" అన్నాడాయన.

"బిల్డింగు మీదే సార్. మేడమ్ మాది."

వంటపిన్ని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ఎందుకు కూర్చున్నాడో తెలియదు గానీ, ఆయన కూర్చున్నాడు. పిల్లలు మొదట్నించీ చెప్పారు. ఫోను, రాజ్యాంగం, కోర్టు, తీర్పు అన్నీ. వింటున్న మాచర్ల అబ్బాయి ముఖం వెలిగిపోయింది. "అంటే ఫోన్ బీరువాలో ఉందా?" అని మధ్యలో రెండుసార్లు అడిగాడు. లాయరమ్మ "సాక్షులు అడిగినప్పుడే మాట్లాడాల" అని కసిరింది.

కరస్పాండెంట్ గారు మీసం దువ్వుకుని, "పాఠం చెప్పేది, కాపలా కాసేది ఒకరే అయితే ఇట్టాగే ఏడుస్తది" అన్నాడు. వ్యాపారస్తుడైనా అధికారాల విభజన సారం ఒక్క ముక్కలో పట్టేశాడు. నన్ను లెక్చరర్‌గా ఉంచి, హాస్టల్‌కి రిటైరైన డ్రిల్లు టీచరమ్మను తెచ్చాడు. ఆవిడ వచ్చిన రోజే రెండు సభలూ రద్దయ్యాయి. మాచర్ల అబ్బాయితో నా పెళ్లి మాత్రం జరిగింది. ఇప్పటికీ ఇంట్లో ఏ తగువొచ్చినా, "ముందు నేను చెప్పేది వినాల" అంటాడు.

ఇప్పుడు నర్సరావుపేటలో పాఠాలు చెబుతున్నాను. బల్ల గుద్దడం ఎప్పుడో మానేశాను. మొన్న ఇదే పాఠం చెబుతుంటే ముందు బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. నాకు లాయరమ్మ గుర్తొచ్చింది. సుద్దముక్క కింద పెట్టి "అడుగమ్మా" అన్నాను.

"మేడమ్, ఇది ఎన్ని మార్కులకి వచ్చిద్ది?"

పదికి వస్తుందని చెప్పాను. ఆ పిల్ల బుద్ధిగా రాసుకుంది. గురజాల మేడమ్ అయితే ఆ పిల్లని నిలబెట్టి, మార్కులకి కాదే, నీకోసం అని గంటసేపు వాయించేది, ఆ తర్వాత ఉద్యోగం మీదికి తెచ్చుకునేది. ఈ నర్సరావుపేట మేడమ్ తెలివైంది. నవ్వుకుని, బోర్డు తుడిచి, బెల్లు కోసం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.