కుడి చెవికి వినిపించని కుర్చీ

దెయ్యాల కథ చెప్పేవాళ్లను "కొలిచి చూశారా?" అని అడిగే రకం నేను. చదివింది ఇంజనీరింగు, చేసేది సభామందిరాల్లో ధ్వని పరీక్ష. ఇప్పుడు రాసేది కూడా కొలిచిన సంగతే.

కరోనా రెండో విడత తర్వాత, సూరత్‌లో మూతపడిన పెద్ద సంగీత మందిరాన్ని బాగుచేస్తున్నారు, అక్కడ ధ్వని పరీక్ష పని నాది. విరాళం ఇచ్చినవారు చెప్పిన పేరుతో కుర్చీ వెనక ఇత్తడి పలక బిగిస్తారు. ఆ విడతలోనే మా మేనమామ గట్టయ్య పోయాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపాడు. పాటంటే ప్రాణం, కానీ ఆ మందిరం గడప ఏనాడూ తొక్కలేదు. దినాలకు ఎవరూ రాలేని రోజులవి. భోజనాలకని తీసిపెట్టిన డబ్బుతో రాజవ్వ అత్త ఆయన పేరిట ఒక కుర్చీ తీసుకుంది.

"అల్లుడా, మగ్గాల మోతకు ఆయన కుడి చెవి పోయింది గదా. స్టేజి ఎడమ దిక్కుండాలె. జర చూసి పెట్టు," అంది.

మాటిచ్చాను. హాలుకు కుడి చివరన, జె వరుసలో 22వ కుర్చీ, జె-22 రాయించాను.

తర్వాత ఒక మిల్లు యజమాని తన కుటుంబానికి ఆ వైపు కుర్చీలన్నీ కావాలన్నాడు. మందిరం పనులు చూసే ముఖేష్‌భాయ్, మా మామ పేరున్న పలకను ఎడమ చివర జె-1కు మార్పించాడు. నేను అడ్డుచెబితే నవ్వాడు. "అరే భాయ్, మర్‌నేవాలే కో లెఫ్ట్ క్యా, రైట్ క్యా?"

పోయిన మనిషికి కుడి ఏమిటి, ఎడమ ఏమిటన్న మాట నాకూ సబబుగానే తోచింది. అత్తకు చెప్పలేదు.

పరీక్ష మధ్యాహ్నం పూట జరిగింది. మనిషి తలలాంటి బొమ్మకు రెండు చెవుల్లో రెండు మైకులు ఉంటాయి. దాన్ని ఒక్కో కుర్చీలో పెట్టి, వేదిక మీది స్పీకరు శబ్దాన్ని నమోదు చేస్తాం. జె-1లో కుడి చెవికి ఏమీ అందలేదు. నిజానికి వేదిక ఉన్నది ఆ వైపే.

మైకులు అటూ ఇటూ మార్చాను. తీగలు మార్చాను. ఫలితం అదే. పక్కనున్న జె-2లో రెండు చెవులూ బాగున్నాయి. చివరికి, ఎందుకో, పలక విప్పి చూశాను. జె-1లో కుడి చెవి పనిచేసింది. మళ్లీ బిగించాను. ఆగిపోయింది.

పక్కనే నిలబడి చూస్తున్న ముఖేష్‌భాయ్ ఈసారి నవ్వలేదు. స్క్రూడ్రైవరు నా చేతిలోంచి తీసుకుని, పలకను తనే జె-22కు బిగించాడు. మిల్లు యజమానికి వేరే వరుస ఇచ్చారు.

జె-22లోనూ కొలిచాను. కుడి చెవి నిశ్శబ్దం. ఎడమ చెవికి వేదిక మీది ప్రతి శబ్దమూ స్పష్టంగా అందింది.

ఆ సాయంత్రమే అత్తకు అంతా చెప్పి, తప్పయిందన్నాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఇంత సదువు సదివినవ్, ఒక్క కుర్సీ సక్కగ పెట్టరాలేదారా? నేను చెప్తే ఇనకపోతివి. ఆయనే చెప్పుకోవాల్సి వచ్చె," అని తిట్టి, అన్నం పెట్టింది.

నివేదికలో ఆ కుర్చీకి ఎదురుగా 'కారణం' అన్న గడి ఉంది. సాంకేతిక లోపం అని రాయలేకపోయాను, ఎందుకంటే ఏ లోపమూ దొరకలేదు. ఖాళీగా వదిలి సంతకం పెట్టాను. అందులో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.