రెండు బాయిల నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఊర్లో రెండు బాయిలుండేవి. మీదివీధి బాయిలో నీళ్ళు తియ్యగా ఉండేవి, మా కిందివీధి బాయిలో ఉప్పగా ఉండేవి. ఉప్పునీళ్ళలో కందిపప్పు ఉడకదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంట పెట్టినా గింజ గింజగానే ఉంటాది. మా అవ్వ ఆ పప్పు కుండను తిట్టేది, దాంతోపాటు ఎదురుగా కనపడినోళ్ళనందరినీ తిట్టేది. కుందుర్పి పక్క పల్లె మాది. వానకోసం ఆకాశం చూసి చూసి మెడలు నొప్పెట్టే తావు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పట్నంలో ఎగ్జిబిషన్‌కు పోయొచ్చినా. నడుము ఇంకా సరికాలేదు. తోలుమీద, గుడ్డమీద చెట్ల రంగులతో బొమ్మలు వేసేది నా పని. తంగేడు పూలు, దానిమ్మ తొక్కు, నీలి ఆకు, కరక్కాయ, ఇవే నా పెట్టుబడి. పొద్దంతా ఆ హాల్లో కుర్చీమీద కూర్చుంటే జనం వస్తారు, ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకుంటారు, బొమ్మను గోటితో గీరి చూసి "రంగు పోదు కదా?" అని అడుగుతారు. పోతాదమ్మా, ఎండకు పెడితే పోతాది, పువ్వు రంగు కదా అంటే ముఖం అట్లా పెట్టి పక్క స్టాలుకు పోతారు. ఒక్కరూ కూర్చోరు. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఇంక చాలు, బ్రష్షులు కట్టిపెడదామని బస్సులో వచ్చేటప్పుడు గట్టిగానే అనుకున్నా. అప్పుడు మా తాత గుర్తొచ్చినాడు.

మా తాత తోలుబొమ్మలకు రంగులు వేసేవాడు. మేకతోలును పల్చగా గీకి, ఉలితో చుక్కలు కొట్టి, రంగులు పూసేవాడు. వానలు రాకపోతే మా తావుల్లో బొమ్మలాట ఆడించేది ఆచారం. దానికొక కట్టు ఉండాది. రెండు వీధులూ కూడి పిలిస్తేనే ఆడాల, ఒక వీధి పిలిస్తే బొమ్మను పెట్టెలోంచి బయటికి తీయకూడదు. ఇంకోటి, వెలిసిపోయిన రాణిబొమ్మతో వానాట ఆడకూడదు. ఆమె చీరకు కొత్తగా పసుపు రంగు పూయాల్సిందే.

ఆ ఏడు మా బాయి మరీ అడుగంటింది. మా వీధి ఆడోళ్ళు తియ్యనీళ్ళ బాయికి పోతే మాటకు మాట పెరిగింది, ఎవరో ఎవరి చేంతాడునో బాయిలో పారేసినారు. ఇంక రెండు వీధులూ ఉప్పూ నిప్పూ అయిపోయినాయి. మీదివీధి దావలో మా కడవ కనపడకూడదన్నారు. వాన అందరికీ కావాల, కలిసి పిలిచేదానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. మా ఇంట్లో అమ్మకు చంటిబిడ్డ. బాలింత ఆ ఉడకని పప్పు తినలేక, ఆ నీళ్ళు తాగలేక నీరసించిపోయింది. మా తాత ఆమె ముఖం చూసేవాడు, మళ్ళా తలకాయ వంచుకుని తోలు గీకేవాడు.

ఒకనాడు రచ్చకట్ట మీద, రెండు వీధుల పెద్దోళ్ళకూ వినపడేట్టు, రాణిబొమ్మకు రంగు కలుపుతాండానని చెప్పినాడు. ఈసారి ఉప్పునీళ్ళు, తియ్యనీళ్ళు రెండూ కలిస్తేగానీ తంగేడు రంగు పట్టదన్నాడు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడే పనిలేదు, నా మనవరాలు చెంబు పట్టుకుని వస్తాది, పోయండి, అంతే అన్నాడు. వానబొమ్మకు కాదంటే పాపం కదా! తలూపినారు.

చెంబు పట్టుకుని మీదివీధికి పోయినా. బాయి గల ఇంటి పెద్దమ్మ నా ముఖం కూడా చూడకుండా ఎత్తునుంచి నీళ్ళు పోసింది. తాత తంగేడు పూలు, పటిక వేసి ఉడికించినాడు. తోలు ముక్క మీద పూసి, ఎండకు పట్టి చూసి, పెదవి విరిచినాడు. పట్టలేదంట. మర్నాడు మళ్ళా పొమ్మన్నాడు. మళ్ళా పట్టలేదంట. నాకు తిరగలేక విసుగొచ్చింది. నా కళ్ళకు ఆ పసుపు బ్రహ్మాండంగా ఉండాది. పెద్దాయన కళ్ళు కనపడక ఇట్లా అంటాండాడని అవ్వ గొణిగింది. అడిగితే తాత పొయ్యిలో పుల్ల ఎగదోస్తా, "రంగు తొందరపడదు పాపా" అనేవాడు.

పోయినపుడల్లా పెద్దమ్మ ముఖం కొంచెం మారింది. మొదట చూసింది. తర్వాత చెంబు చేతిలోంచి తీసుకుని నింపింది. ఇంకోపొద్దు "ఏమే, మీ తాత రంగు కలుపుతాండాడా, చెరువు నింపుతాండాడా?" అని నవ్వింది. చివరికి ఆమెకే ఉండబట్టలేదు. ఇన్ని నీళ్ళు తాగే రంగేదో చూడాలని కొంగు బిగించుకుని నా వెంబడే మా ఇంటికి వచ్చేసింది. గొడవ అయినంక మీదివీధి మనిషి మా గడప తొక్కింది అదే మొదలు.

తాత లేచి చాప పరిచినాడు. ఆమె రంగుకుండ దగ్గర కూర్చుంది. అప్పుడే లోపల అవ్వ పప్పుగుత్తితో పప్పును కొడతాండాది. ఎంత కొట్టినా గింజలు కుండకు తగిలి టకటకమంటాండాయి. పెద్దమ్మ చెవి అటు పోయింది. లేచిపోయి కుండలోకి తొంగి చూసింది. "ఇంకా ఉడకలేదే ఇది?" అంది. మా అవ్వ నోరు ఊరుకుంటాదా! "ఉప్పునీళ్ళకు పప్పు ఉడుకుతాదా తల్లీ? బాలింతకు నాలుగు మెతుకులు పెడదామంటే ఇదీ మా గతి" అని కడిగిపారేసింది. పెద్దమ్మ మూలన పండుకున్న అమ్మను చూసింది, బిడ్డను చూసింది, రంగు సంగతే మరిచి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను చెంబుతో పోతే కసిరింది. "చెంబేంది, పోయి కడవ తీసుకరా" అంది. నా వెనక మా వీధి ఆడోళ్ళు ఒక్కరొక్కరుగా కడవలతో వచ్చినారు. ఆమె ఎవరినీ ఆపలేదు. ఆ పొద్దు మా ఇంట్లో పప్పు వెన్న మాదిరి ఉడికింది. అమ్మ రెండోసారి పెట్టించుకుని తినింది. అవ్వ తిట్టేదానికి ఏమీ దొరక్క కళ్ళు ఒత్తుకుంది.

రెండు వీధులూ కూడి పిలిచినారు, ఆట ఆడినారు. వాన రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాల, ఆ నెలంతా ఒక్క చినుకు పడలేదు. ఇంకో ఎండాకాలానికి చేంతాళ్ళ దగ్గర మళ్ళా కొట్లాడుకున్నారు కూడా. కానీ కడవ మాత్రం ఎవరూ ఆపలేదు.

బొమ్మలు పెట్టెలో సర్దేటప్పుడు తాతను అడిగినా, రంగు చివరికి యాపొద్దు పట్టిందని. తాత రాణిబొమ్మను మడిచి గుడ్డ కప్పినాడు. "మొదటిపొద్దే పట్టింది పాపా. ఆయమ్మ మనింటికి వచ్చేదాకా పట్టలేదని చెప్పినా" అన్నాడు.

ఇప్పుడు అనంతపురంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటా. కొళాయిలో నీళ్ళు వస్తాయి. అయినా కొత్త రంగు పెట్టేటప్పుడు చెంబు పట్టుకుని పక్కింటి తలుపు కొట్టేది నాకు అలవాటు. ఆ ఇంట్లో పిల్ల కొత్తగా కాపురానికి వచ్చింది, ఈడ ఎవరూ తెలియదు, పొద్దంతా తలుపేసుకుని ఉంటాది. మొదట్లో "మీ కొళాయి రాలేదా అవ్వా?" అని వింతగా చూసేది. ఎగ్జిబిషన్ నుంచి వచ్చిన మర్నాడు, బ్రష్షులు కట్టిపెట్టేదానికి ముందు, మిగిలిన తంగేడు పూలు పారేయలేక, చెంబెత్తుకుని పోయినా. నీళ్ళు పోసింది. సాయంత్రం నా గడప దగ్గరకు వచ్చి నిలబడింది.

"రంగు పట్టిందా అవ్వా?" అని అడిగింది.

కుండలో పసుపు మెరుస్తాండాది. దానిమీద మూత పెట్టినా.

"ఇంకా లేదమ్మా" అన్నా. "లోపలికి రా, కూర్చో."