నేరేడు పాకం, ఆవకాయ జాడీ

మొన్న తెనాలిలో మా కోడలు మినపట్టు మీద ఊదారంగు పండ్ల పాకం ధారగా పోసి నా ముందు పెట్టింది. కమ్మటి అట్టు, పక్కన అల్లప్పచ్చడి, వాటి మీద ఈ జిగురు! "తిని చూడండి మావయ్యగారూ, ఇంట్లోనే చేశాను" అంది. ఛీ! పళ్ళెం పక్కకి జరిపేశాను. పిల్ల చిన్నబుచ్చుకుంది. తప్పు తనది కాదు. పండ్ల పాకం చూస్తే చాలు, నాకు రేపల్లెలో మా మేనత్త వంటిల్లు గుర్తొస్తుంది.

మా మేనత్త ముక్కంటే ఆ వీధిలో ఆడవాళ్ళందరికీ హడల్. ఎవరు ఊరగాయ పెట్టినా జాడీ తెచ్చి ఆవిడ ముందు మూత తియ్యాల్సిందే. నాలిక మీద వేసుకునేది కాదు. ఒక్కసారి వాసన చూసి, "ఉప్పు తగ్గిందే అమ్మాయ్, నెల తిరక్కుండా బూజు పడుతుంది" అనేది. పడేది కూడా. అలాంటి మనిషికి కరోనా వచ్చి తగ్గాక వాసన పూర్తిగా పోయింది. ఒకరోజు కూర మాడి ఇల్లంతా పొగ కమ్మినా తెలియక వరండాలో ఒత్తులు చేసుకుంటూ కూర్చుందట. దాంతో ఆవిడ కొడుకు, అంటే మా బావ, ముక్కు వచ్చేదాకా పొయ్యి ముట్టుకోవద్దన్నాడు. అత్త ఏడాది పాటు తన కోడలు వండింది తిని, మరుసటి ఎండాకాలం చివర్లో "నా ముక్కు వచ్చేసింది" అని ఇంటిల్లిపాదికీ చాటి, రుజువు చెయ్యడానికి నేరేడు పళ్ళ పాకం కాచింది.

రుచి చూడ్డానికి రమ్మంటే ఆ ఆదివారం పొద్దున్నే రైలు దిగి వెళ్ళాను. గుమ్మంలోనే బావ చెయ్యి పట్టుకుని, "బావుందని ఒక్క మాట అనెయ్ బావా. ఇకమీద పొయ్యి దగ్గర పక్కన నుంచుని నేను చూసుకుంటాగా, పాపం వండుకోనీ" అన్నాడు. సరేనన్నాను. లోపల చూస్తే పిండిపారేసిన తొక్కల మీద ఈగలు ముసురుతున్నాయి. పాత పంచె గుడ్డలోంచి వడకట్టిన పాకం ఎందులో పోసిందనుకున్నారు? ఆవకాయ జాడీలో! కుంకుడు రసంతో నాలుగుసార్లు కడిగానంది. ఏళ్ళ తరబడి ఆవపిండి, వెల్లుల్లి, నూనె పీల్చుకున్న జాడీకి కుంకుడు రసం ఏం చేస్తుంది? వేడి ఇడ్లీల మీద గరిటెడు పోసింది. తీపి, వగరు, ముక్కిన నూనె కంపు కలిసి ముక్కుపుటాలు అదిరిపోయాయి. అయినా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను.

"ఎలా ఉందిరా? ఘుమఘుమలాడిపోవట్లా?" అంది, నా మొహంలోకే చూస్తూ.

మింగలేకపోయాను. పళ్ళెంలోనే ఉమ్మేశాను. "ఛీ ఛీ, ఏంటత్తా ఇది! ఆవకాయ కంపు. నీకు తెలియట్లా?" అనేశాను.

బావ తల దించుకున్నాడు. అత్త జాడీ దగ్గరికి తీసుకుని మొహం అందులో పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది. మూడోసారి పీల్చి, "తెలియట్లేదురా" అంది మెల్లగా. చేతులు కొంగుకి తుడుచుకుని వంటింట్లోంచి బయటికి వచ్చేసింది. వెళ్ళి పిలిచినా రాలేదు. మళ్ళీ పొయ్యి వెలిగించలేదు. వీధిలోవాళ్ళు జాడీలు తెస్తే, "మా కోడలికి చూపించండమ్మా" అనేది.

ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. ఆ ముక్క గొంతు దిగడానికి అర నిమిషం పట్టేదేమో. నా అసహ్యం ఆ అర నిమిషం ఓర్చుకోలేదు. ఆవిడ మూడేళ్ళు ఓర్చుకుంది.