గ్రేసమ్మ టీచరు డబ్బా కెమెరా

సాయంత్రం సింకు దగ్గర చీమలు పట్టాయని వెనిగర్ పోసి తుడిచాను. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే నంద్యాలలో మా పక్కింటి గ్రేసమ్మ టీచరు స్నానాలగది గుర్తొచ్చింది. ఎర్ర బల్బు, నేల మీద వరసగా ప్లాస్టిక్ ట్రేలు, ఫోటో కడిగే మందుల వాసన. ఆమె పోయి ఏడాది దాటింది. పాప నిద్రపోయింది కనుక కూర్చుని రాస్తున్నాను.

ఆమె సైన్సు టీచరుగా రిటైరయ్యారు. భర్త ఒక నర్సింగ్ హోములో ఎక్స్‌రేలు తీసేవారట. ఆయన పోయాక ఇంట్లో మిగిలిన పాత ఎక్స్‌రే ఫిల్ముతో ఈమె ఫోటోలు తీయడం నేర్చుకున్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. మొదట నాకు కనిపించింది ఆమె ప్రహరీ గోడ మీద నల్లరంగు పూసిన పాలపొడి డబ్బా. దానికి సూదిమొనంత చిల్లు. ఆ చిల్లు మా కిటికీ వైపు ఉంది.

అప్పుడే నాకు ఆళ్లగడ్డలో ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. రోజూ బస్సులో పోయి రావాలి. పాప ఇంకా చంటిబిడ్డ. మా ఆయన పగలంతా దుకాణంలో ఉంటారు, అత్తమ్మ అవుకులో పొలం పని వదిలి రాలేరు. "పాపను నా దగ్గర పెట్టి పో అమ్మీ" అని గ్రేసమ్మ టీచరు తనంతట తానే అన్నారు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. పిల్లల ఫోటోలు ఎక్కడెక్కడికి పోతాయో ఫోనులో చదివి చదివి బెదిరిపోయి ఉన్నాను. అడగకుండానే సాయం చేస్తానన్న మనిషికి మా నుంచి ఏం కావాలి? కిటికీ తెర సందులోంచి ఆ డబ్బాను చూస్తూ ఉండేదాన్ని. ఒకరోజు ఆమె నన్ను పట్టేశారు.

"ఏందమ్మీ, తెర చాటున నిలబడి చూస్తాండావ్? డబ్బా కరుస్తుందనా?"

"అది మా ఇంటివైపే ఎందుకు పెట్టినారు టీచరమ్మా?"

"పొద్దున ఎండ మీ గోడమీదనే పడతాది కాబట్టి. రా, ఈడికొచ్చి నువ్వే మూత తీసి చూడు."

తీసి చూశాను. లోపలంతా నలుపు, ఒక ఫిల్ము ముక్క. లెన్సు లేదు, వైరు లేదు. నేను మూత తీసినందుకు వెలుతురు తగిలి ఆ ఫిల్ము పాడైపోయిందని తెలిసీ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ నిదానం కూడా నాకు అనుమానంగానే తోచింది.

మరుసటి ఆదివారం నాచేతనే ఒక డబ్బా చేయించారు. కూల్‌డ్రింకు టిన్ను రేకు ముక్కకు సూదితో చిల్లు పొడిచి, గరుకు కాగితంతో రుద్ది, డబ్బాకు అతికించాను. ఎర్ర బల్బు కింద ఫిల్మును వంచి లోపల అమర్చి, చిల్లుమీద టేపు వేశాను. నా జీవితంలో చేత్తో చేసిన మొదటి కెమెరా అది. అయినా "దీంట్లోంచి కిరణాలేవైనా వస్తాయా?" అని అడిగాను.

"దీంట్లోంచి ఏమీ రాదు. ఎండే లోపలికి పోతాది. బీఎస్సీ యాడ చదివినావ్ నువ్వు?" అని నవ్వారు.

ఆమె పాపను ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చున్నారు. నేను డబ్బాను ఎదురుగా స్టూలుమీద పెట్టి, టేపు తీసి, గబగబా వచ్చి ఆమె వెనక నిలబడ్డాను. ఫోటో పడటానికి చాలాసేపు పడుతుంది. పాప కాళ్ళు తన్నుకుంటోంది, ఆమె ఊగుతూ జోకొడుతున్నారు. నేను మాత్రం ఆమె చేతులనుంచి చూపు తిప్పలేదు.

కడిగిన ఫిల్మును మా బట్టల తీగకు ఆరేసిన సమయానికే అవుకునుంచి అత్తమ్మ దిగారు. నీలం ఫిల్ము, దానిమీద మసక ఆకారాలు. చేతిలో సంచి కింద పడేశారు.

"పసిబిడ్డకు ఎక్స్‌రే తీయించినారా? ఏమైందే దానికి? ఇదేంది, రొమ్ములో పొగ మాదిరి ఉండాదే!"

"అది రొమ్ము కాదత్తమ్మా, పాపే."

"పాపైతే మొగమేది? ఆ టీచరమ్మ పనేనా? బిడ్డను ఆడ వదిలి ఉద్యోగానికి పోతావా నువ్వు?"

ఆ మాట నా మనసులోదే. గోడ అవతలనుంచి అంతా విన్న గ్రేసమ్మ టీచరు వచ్చి, తన ఫోనుతో ఆ ఫిల్మును ఫోటో తీసి, నలుపూ తెలుపూ తిరగేసి చూపించారు. పాప కదిలింది కనుక తెల్లటి మరక. టీచరమ్మ ఊగారు కనుక మంచులో మనిషిలా ఉన్నారు. వెనక నేను మాత్రం బొమ్మలా స్పష్టంగా ఉన్నాను. దవడ బిగించి, కళ్ళు దించి, ఆమె చేతులనే చూస్తున్నాను.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అత్తమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "కోడిపిల్లల కాడ తల్లికోడి నిలబడినట్టు నిలబడినావు కదే!" అన్నారు.

"బాగుంది. తల్లి అట్లనే చూడల్ల" అన్నారు టీచరమ్మ. "నన్ను నమ్మమని నేను చెప్పను అమ్మీ. వారంరోజులు నువ్వు ఇంట్లోనే ఉండి, బిడ్డను నాకాడ పెట్టు. ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు రా, పిలవాకు, తట్టాకు. వాకిలి గడియ వేయను."

వెళ్ళాను. పాలు పట్టే వేళకు, నిద్రపుచ్చే వేళకు, చెప్పకుండా, చెప్పుల చప్పుడు కాకుండా వెళ్ళాను. తలుపు ఒక్కసారి కూడా మూసి లేదు. ఒక మధ్యాహ్నం మాత్రం ఇద్దరూ కనిపించక ఇల్లంతా వెతికాను. పెరట్లో పాప మూతికంటిన అరటిపండు కడుగుతున్నారు. నా ముఖం చూసి, "నీళ్ళు గోరువెచ్చగానే ఉండాయి, చెయ్యి పెట్టి చూడు" అన్నారు. చెయ్యి పెట్టి చూశాను. ఆమె నొచ్చుకోలేదు. ఆ తర్వాతి సోమవారం ఆళ్లగడ్డ బస్సెక్కాను.

నా అనుమానబుద్ధి ఇప్పటికీ పోలేదు. పాప తాగే నీళ్ళు రెండుసార్లు చూస్తాను, కొత్త మనిషి చెయ్యి చాస్తే ముందు ఆ చేతినే చూస్తాను. అయితే ఏటా బడి తెరిచిన కొత్తలో ఒకటో తరగతి పిల్లల తల్లులు వరండా స్తంభాల వెనక నక్కి లోపలికి తొంగిచూస్తుంటారు. తక్కిన టీచర్లు వాళ్ళను గేటు దాకా తరుముతారు. నేను తలుపు బార్లా తీసి, వాళ్ళకు కనబడేటట్టు పిల్లలను తలుపు వైపు తిప్పి కూర్చోబెడతాను. చూడాల్సినంతసేపు చూసి, వాళ్ళంతట వాళ్ళే పోతారు.